ముందు గది గోడకు ఏ రంగు?



క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే మన పల్లెలలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి సండేస్కూలు పిల్లలకు నాటిక నేర్పించడము, రెండవది ఇండ్లకు సున్నాలు వేయించుకొనడము. మొదటి పనిని గురించి ఈ పుటలలో ఇదివరకు వ్రాసియున్నాము. రెండవ దానిని గురించి వ్రాయవలసి వస్తుందని మాత్రము అనుకోలేదు. గోడల రంగులతో పాస్టరుకేమి పని అని మీరు అడుగవచ్చును. నిజమే. అయితే ఈ రోజులలో మేము ఏ ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్ళినా, ఆమేన్ అనగానే వచ్చే మొదటి ప్రశ్న అదే. "అయ్యగారూ, ముందు గదికి డిస్టెంపరు వేయించమంటారా, ప్లాస్టిక్ పెయింటు వేయించమంటారా?" దేవాలయమునకూ, పాస్టరు ఇంటికీ రంగులు వేయించిన అనుభవము మాకు ఉన్నదని గదా అడుగుతారు! ఆ అనుభవము ఎంత ఖరీదైనదో కొంచెము సేపటిలో చెబుతాము.

నిరుడు ఇదే రోజులలో మా సంఘములోని ఒక తల్లి మమ్మును ఈ ప్రశ్నే మరొక విధముగా అడిగింది. కృష్ణా డెల్టాలో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న ఇల్లు వారిది. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనను మన పెద్దలు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ గాలివానకు పాత మట్టి ఇల్లు కూలిపోతే, ఆమె మామగారు అప్పో సప్పో చేసి ఇటుకలతో మూడు గదుల ఇల్లు కట్టించారు. ఇప్పుడు ఆ పెద్దాయన లేరు. ఆయన కుమారుడు, అనగా ఈ తల్లి భర్త, ప్రభువునందు నిద్రించి ఏడెనిమిది సంవత్సరములైనది. ఒక్కగానొక్క కొడుకు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగము చేస్తున్నాడు. వినయము గల పిల్లవాడు. అతనికి సంబంధము కుదిరింది. జనవరిలో ప్రధానము. అంతకు ముందు అమ్మాయి తరపు పెద్దలు ఇల్లు చూచుటకు వస్తారు.

కొడుకు డబ్బు పంపించాడు. రంగుల కార్డు ఫొటో తీసి సెల్‌ఫోనుకు పంపించాడు. ముందు గది అద్దములాగ మెరవాలని అతని కోరిక. రంగుల మేస్త్రి వచ్చి చూచి, పాత సున్నమంతా గీకేసి, రెండు చేతులు లప్పం పెట్టి, సానబట్టి, ఆ మీద మెరుపు రంగు వేస్తానన్నాడు. ఆ తల్లి మేస్త్రితో సరేనని అనలేదు, కాదని అనలేదు. మంగళవారము సాయంత్రము మేము ప్రార్థనకు వెళ్ళినప్పుడు, టీ గ్లాసులు తీసికొని వెళుతూ గుమ్మము దగ్గర ఆగి, "అయ్యగారూ, గోడ గీకకుండా వేసే రంగేదైనా ఉన్నదా?" అని అడిగింది.

మేము ఉత్సాహముగా అరగంట చెప్పాము. ఏమి చెప్పామో ముందు మీకు చెబుతాము. ఆమె అడిగినది వేరు, మేము చెప్పినది వేరు అని ఆ తరువాత తెలిసింది.

మొదట మెరుపు సంగతి. ఏ రంగు డబ్బాలోనైనా ముఖ్యముగా మూడు ఉంటాయి. రంగు పొడి, దానిని గోడకు పట్టియుంచే జిగురు, ఈ రెంటినీ పలుచన చేసే నీరు గాని థిన్నరు గాని. నీరు ఆరిపోతుంది, థిన్నరు గాలిలో కలిసిపోతుంది. గోడమీద మిగిలేవి పొడీ జిగురూ. క్రిస్మస్‌కు అరిసెలు వండే తల్లులకు ఇది చెప్పనక్కరలేదు. పాకము ఎక్కువైతే చలిమిడి నిగనిగలాడుతుంది, పిండి ఎక్కువైతే పొడిపొడిగా ఉంటుంది. రంగు కూడ అంతే. జిగురు పాలు ఎక్కువైతే పొర నున్నగా వచ్చి మెరుస్తుంది, నీటిని పీల్చదు, మరక పడితే తడిగుడ్డతో తుడుచుకోవచ్చును. పొడి పాలు ఎక్కువైతే మెరుపు ఉండదు, మరక లోపలికి దిగిపోతుంది, గట్టిగా తుడిస్తే రంగే వస్తుంది. కొట్లో మ్యాట్, శాటిన్, గ్లాస్ అని చెప్పేవి ఈ మెట్లే. మ్యాట్ అంటే మెరుపు లేనిది, శాటిన్ అంటే పట్టుగుడ్డ మీద ఉండే మందమైన మెరుపు, గ్లాస్ అంటే అద్దపు మెరుపు.

అయితే మెరుపే మంచిది గదా, తుడుచుకోవచ్చును గదా అంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మెరిసే గోడ తనలోని ప్రతి లోపమును చూపిస్తుంది. మన ఇండ్ల గోడలు గుండుసూత్రము పెట్టి కట్టినవే అయినా, ప్లాస్టరింగు ఎవరో మేనమామ కొడుకు చేసియుంటాడు. ఆ ఎత్తుపల్లాలు సున్నము క్రింద కనబడవు. వెలుతురు సున్నపు గోడ మీద పడి నలువైపులా చెదిరిపోతుంది. మెరుపు రంగు మీద పడితే చెదరకుండా ఒకే వైపుకు తిరిగి కొడుతుంది, ప్రతి వంకరా నీడ వేస్తుంది. మీ గోడ ఎలాంటిదో తెలిసికొనుటకు ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాము. రాత్రి లైట్లు ఆర్పి, టార్చిలైటును గోడకు ఆనించినట్లు పట్టి ప్రక్కకు వెలుగు వేయండి. గోడమీద ఎన్ని గుంటలు, ఎన్ని గుట్టలు ఉన్నవో కనబడతాయి. అవి చూచిన తరువాత కూడ అద్దపు మెరుపే కావాలంటే లప్పమునకు, కూలికి అంత డబ్బు సిద్ధము చేసికొనండి.

మా అనుభవము ఇప్పుడు చెప్పవలెను. చాలా సంవత్సరముల క్రిందట, వేరొక సంఘములో ఉన్నప్పుడు, పాస్టరు ఇంటి ముందు గదికి ఆయిలు పెయింటు వేయించాము. వేయించవద్దని ఒక పెద్దమనిషి చెప్పారు. ఆయన వృత్తిరీత్యా తాపీ మేస్త్రి. మేమేమో డిప్లొమా చదువుకొన్నవారము! ముప్పై సంవత్సరముల నుండి ఏటేటా పొర మీద పొర వేసిన సున్నము మీద, గీకించకుండ, లేత ఆకుపచ్చ ఎనామిలు రెండు కోటింగులు వేయించాము. క్రిస్మస్ దినమున వచ్చినవారందరు మెచ్చుకొన్నారు. జూలైలో వానలు పడినవి. ఆగస్టుకు గోడమీద బొబ్బలు లేచినవి. సెప్టెంబరులో ఒక రాత్రి భోజనము చేస్తుండగా అరచేయంత పెచ్చు ఒకటి ఊడి పప్పు గిన్నెలో పడింది. రంగు సున్నమును పట్టుకొనియున్నది గాని, సున్నము గోడను విడిచిపెట్టేసింది. అది సంఘస్థులు కోతల పండుగలో ఇచ్చిన కానుకల డబ్బు. కమిటీలో ఎవరూ మమ్మును ఒక్క మాట అనలేదు. అనియుంటే బాగుండేది. ఆ తాపీ మేస్త్రిగారే వచ్చి, రెండు రోజులు కూలి తీసికొనకుండా ఆ గోడంతా గీకారు.

అందుచేత సున్నము మీద ఏ రంగు వేయాలన్నా మొదట గోడను అరచేతితో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లగా పొడి అంటితే, ఆ పొడి పోయేవరకు గీకవలసినదే. దానికి అడ్డదారి లేదు. ఆ తల్లికి మేము ఖండితముగా చెప్పిన సంగతి ఇదే. "గీకకుండా వేసేది ఒక్క సున్నమేనమ్మా. సున్నము మీద సున్నము పడుతుంది. మిగిలినవేవైనా గీకాలి" అన్నాము. ఆమె మొగము చిన్నబోయింది. డబ్బు ఎక్కువవుతుందని బాధపడుతున్నది కాబోలు అనుకొన్నాము.

సున్నమును చిన్నచూపు చూడవద్దు. పిడుగురాళ్ళ రాతి సున్నము గాని, సముద్రపు ఒడ్డున దొరికే గుల్ల సున్నము గాని, తొట్టిలో నీరు పోసి నానవేసి, ఆ వేడి చల్లారి, ఒక రాత్రి గడిచిన తరువాత పలుచని బట్టలో వడగట్టి, కొంచెము తుమ్మజిగురు గాని గంజి గాని కలిపి, చిటికెడు నీలిమందు వేసి, గోడ తడిపి పలుచగా రెండు మూడు చేతులు వేస్తే, దాని తెలుపునకు ఏ డబ్బా రంగూ చాలదు. తడి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారుతుంది. అందుకే ఆరిన కొద్దీ గట్టిపడుతుంది. దాని ఘాటుకు బూజు, క్రిములు తొందరగా చేరవు. అన్నిటికంటె ముఖ్యము, గోడ ఊపిరి పీల్చుకుంటుంది. లోపలి చెమ్మ బయటికి పోతుంది. చెడ్డ గుణము ఒక్కటే, ఆనుకొంటే వీపుకు అంటుతుంది. నానవేసేటప్పుడు పిల్లలను దూరముగా ఉంచండి. సలసల కాగుతుంది. కంటిలో పడితే వెంటనే చాలా నీళ్ళతో ఎక్కువ సేపు కడిగి ఆసుపత్రికి తీసికొని వెళ్ళవలెను.

డిస్టెంపరు మధ్య రకము. సుద్దపొడి, జిగురు. వెలుతురులో మెత్తగా కనబడుతుంది, వంకరలు దాచుతుంది, ధర తక్కువ. తడిగుడ్డతో మెల్లగా అద్దవచ్చును గాని రుద్దకూడదు. మూడు నాలుగేండ్లకు మరల వేసుకోవాలి. ప్లాస్టిక్ పెయింటు అని మనము పిలిచేది ఎమల్షన్. నీళ్ళతో కలిపేది, తొందరగా ఆరిపోతుంది, వాసన తక్కువ. మ్యాట్‌లోనూ శాటిన్‌లోనూ దొరుకుతుంది. ఇక ఆయిలు పెయింటు, అనగా ఎనామిలు, తలుపులకూ కిటికీలకూ మంచిది. గోడలకు వద్దనే మా సలహా. థిన్నరు వాసన రోజుల తరబడి పోదు. ఆయాసము ఉన్నవారు, గర్భిణీలు, పసిబిడ్డలు ఆ ఇంటిలో పడుకొనకూడదు. ఆ వాసన ఉండగా కొవ్వొత్తులు వెలిగించకూడదు, మంట అంటుకొనగలదు. కొత్తగా ప్లాస్టరింగు చేసిన గోడమీద నెల తిరగకుండ వేస్తే, సిమెంటులోని క్షారము ఆ నూనెను సబ్బుగా మార్చేస్తుంది. పొర జిగటగా అయి ఊడిపోతుంది. వెలుతురు తక్కువ గదిలో తెల్ల ఎనామిలు పచ్చబడుతుంది కూడ.

మేము పిల్లలుగా ఉన్నప్పుడు రంగుల కొట్లో ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద కుంచె పట్టుకొన్న తుంటరి పిల్లవాని బొమ్మ ఉండేది. దాని పేరు గట్టు. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసినది. ఆ బొమ్మ కొరకు ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చుకొని, అందులో గోళీలు దాచుకొనేవారము. ఆ కాలపు ఎనామిలు రంగులలో సీసము కలిసేదని అప్పుడు మాకు తెలియదు. సీసము పసిపిల్లల మెదడుకు చేటు. కేంద్ర ప్రభుత్వము 2016లో నియమములు చేసి, 2017 నవంబరు 1 నుండి ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదని కట్టడి చేసింది. కొత్త డబ్బా కొనేటప్పుడు ఆ సంగతి డబ్బా మీద వ్రాసియున్నదో లేదో చూచుకొనండి. పాత తలుపులు, కిటికీలు మాత్రము పొడిగా గీకించవద్దు. నీళ్ళు చల్లి, వాటర్ పేపరుతో తడితడిగా రుద్దించి, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తి పారవేయండి. ప్రాకే బిడ్డలున్న ఇంటిలో ఇది మరీ ముఖ్యము.

మన ఇండ్ల ముందు గదికి పట్నపు హాలుకు లేని పని ఒకటి ఉన్నది. గృహ కూటములు అక్కడే జరుగుతాయి. చాపలు పరచి నలభైమంది కూర్చుంటారు, గోడ ప్రక్కనున్నవారు తలను గోడకు ఆనిస్తారు. ప్రసంగము కొంచెము పొడుగైతే మరీ గట్టిగా ఆనిస్తారు. రెండు మూడు కూటములు కాగానే నేలకు రెండున్నర అడుగుల ఎత్తున కొబ్బరినూనె మరకలు వరుసగా బొట్లుపెట్టినట్లు కనబడతాయి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ మరకలను బట్టి మేము చెప్పగలము. కాబట్టి క్రింది నాలుగడుగుల పట్టీకి తుడుచుకోదగిన శాటిన్ ఎమల్షన్, పై భాగమునకు ఖర్చు తక్కువ గల డిస్టెంపరో మ్యాటో వేయిస్తే చాలునని మామూలుగా మేము చెప్పే మాట.

డెల్టా పల్లెలలో ఈ మాట చెల్లదు. ఎక్కడ తుడుచుకోదగిన రంగు కావాలో అక్కడే చెమ్మ ఉంటుంది. నేలలో నీరు పైకే ఉన్నది, నేల చవుడు. పాత పునాదులలో చెమ్మను ఆపే సిమెంటు పట్టీ వేయలేదు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నీటిని పీల్చుకొని రెండు మూడు అడుగుల ఎత్తువరకు తెస్తుంది. ఆ నీటితో ఉప్పు కూడ వస్తుంది. నీరు గాలికి ఆరిపోతుంది గాని ఉప్పు గోడలోనే పొంగి, పిండిలాగ రాలుతుంది. అలాంటి గోడకు మెరుపు రంగు వేసి మూసివేస్తే ఉప్పు ఆ పొరను వెనుక నుండి నెట్టివేస్తుంది. ఎంత ఖరీదు రంగైనా సరే ఊడుతుంది.

లేవీయకాండము 14వ అధ్యాయములో 33వ వచనము నుండి చదవండి. ఇంటి గోడలో పచ్చని చారలు గాని ఎర్రని చారలు గాని కనబడితే, ఇంటివాడు యాజకునితో చెప్పాలి. యాజకుడు ముందు ఇల్లు ఖాళీ చేయించి, తరువాత లోపలికి వెళ్ళి చూడాలి. చూచి ఏడు దినములు ఇల్లు మూసియుంచాలి. ఏడవ దినమున మరల వచ్చి చూడాలి. అది వ్యాపించియుంటే ఆ రాళ్ళు ఊడదీయించి, గోడలు గీకించి, ఆ పెల్లలు ఊరి వెలుపల పారబోయించి, వేరే రాళ్ళు పెట్టించి, వేరే అడుసుతో పూత పూయించాలి. అంత పని చెప్పినవాడు పైన రంగు పూసి దాచమని ఎక్కడా చెప్పలేదు చూచారా! తొందరపడక వారము రోజులు ఆగి మరల చూడమన్నాడు. గోడల సంగతిలో యాజకునికి పనియున్నదని ఈ భాగము చదివిన తరువాతనే మాకు కొంత ధైర్యము వచ్చింది.

మీరు కూడ ఆగి చూడండి. అడుగు వెడల్పు గల పాలిథీన్ కవరును గోడకు పెట్టి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు కనబడితే గోడలో చెమ్మ ఉన్నట్లే. అప్పుడు రంగుల కొట్టుకు వెళ్ళకుండ, పార తీసికొని ఇంటి వెనుకకు వెళ్ళండి. మన ఊళ్ళలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లములో పడుతుంది. వాన నీరు గోడ మొదట్లో నిలుస్తుంది. గోడకు ఆనియున్న మట్టి తీసివేసి, నీరు దూరముగా పారునట్లు వాలు చేసి, చూరు నీళ్ళు గోడమీద పడకుండ చూచుకొంటే సగము రోగము తగ్గుతుంది. ఒక వేసవి ఎండనిచ్చి అప్పుడు రంగు సంగతి ఆలోచించవచ్చును. అంతవరకు క్రింది భాగమునకు సున్నమే మేలు. వీపుకు అంటుతుందంటే ఒక చాప గోడకు నిలబెట్టండి.

ఇంత చెప్పి, మా సహధర్మిణి వైపు చూచి, ఇక వెళదామా అన్నాము. ఆమె గోడ దగ్గర నిలబడియున్నది. తూర్పు గోడకు వాక్యముల క్యాలెండరు వ్రేలాడుతున్నది. గాలికి అది ప్రక్కకు జరిగితే సరిచేద్దామని చేయి పెట్టి, దాని వెనుక ఏదో చూచి, అలాగే నిలబడిపోయింది. మమ్మును పిలువలేదు. ఆ తల్లినే పిలిచి, "ఇదా అమ్మా?" అని అడిగింది.

క్యాలెండరు వెనుక సున్నము మీద వడ్రంగి పెన్సిలుతో నాలుగైదు వరుసలు వ్రాసియున్నవి. ఆమె భర్త చేతివ్రాత. ధాన్యము బస్తాల లెక్క ఒకటి. ఎవరికో ఇచ్చిన చేబదులు ఒకటి. వాటి క్రింద కొడుకు పుట్టిన తేదీ, గంట. దాని పైన అంతకు రెండేండ్ల ముందటి తేదీ ఒకటి, దాని ప్రక్కన 'పాప' అని మాత్రమే ఉన్నది. ఆ బిడ్డ పదకొండు రోజులు బ్రతికింది. బాప్తిస్మపు రిజిస్టరులో ఎక్కలేదు, ఫొటో లేదు. ఏటేటా సున్నము వేసేటప్పుడు ఆ తండ్రి ఆ జానెడు చోటును వదిలి వేసేవాడు. ఆయన పోయిన తరువాత ఈమె వదిలి వేయిస్తున్నది. కొడుకు ఆ క్యాలెండరు క్రిందనే పెరిగాడు గాని ఎన్నడూ ఎత్తి చూడలేదు.

అరగంట సేపు మేము లప్పమును గురించి, ఉప్పును గురించి చెప్పుచుండగా ఆ తల్లి ఓపికగా విన్నది. మేము సిగ్గుపడ్డాము.

"అబ్బాయికి చెప్పారా?" అంటే, "వాడు ముచ్చటపడి చేయించుకొంటున్నాడు అయ్యగారూ, మధ్యలో ఈ గోల ఎందుకు" అన్నది. చెప్పవలసినదేనని మేము అన్నాము. ఆమె చెప్పలేనంటే, ఆమె ఎదుటనే ఫోను చేసి సంగతి మేము చెప్పాము. అతను కొంతసేపు మాట్లాడలేదు. "శనివారము వస్తానండి, మేస్త్రిని గోడ ముట్టుకోవద్దనండి" అన్నాడు.

వచ్చాడు. తూర్పు గోడ మేస్త్రికి ఇవ్వక తానే గీకాడు. ఆ జానెడు చోటు చుట్టూ పేపరు అంటించి, ఇనుప పట్టీతో అంగుళము అంగుళము చొప్పున మెల్లగా గీకుతుంటే సాయంత్రమైనది. మేము మధ్యాహ్నము అటు వెళ్ళినప్పుడు ఆ తల్లి పీట వేసికొని ప్రక్కన కూర్చుని ఏదో చెబుతున్నది, అతను గీకుతూ వింటున్నాడు. లోపలికి వెళ్ళకుండ తిరిగి వచ్చేశాము.

రంగు సంగతి చివరకు ఇలాగు తేలింది. అద్దపు మెరుపు మానుకొన్నారు. నేల నుండి మూడడుగులు సున్నమే. ఆ పైన గీకి, పలుచగా లప్పము పెట్టి, ప్రైమరు వేసి, మీగడ రంగు మ్యాట్ ఎమల్షన్ రెండు కోటింగులు. లెక్క మీకు పనికి వస్తుంది గనుక చెబుతాము. గది 12 అడుగులకు 10. చుట్టుకొలత 44 అడుగులు. ఎత్తు 10 అడుగులలో సున్నపు పట్టీ మూడు పోతే ఏడు. 44ను 7తో హెచ్చిస్తే 308 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసివేస్తే 260 దాకా వచ్చింది. నునుపు చేసిన గోడకు రెండు కోటింగులకు కలిపి లీటరు సుమారు 120 చదరపు అడుగులకు వస్తుంది. రెండు లీటర్ల పైచిలుకు చాలు. కొట్టువాడు నాలుగు లీటర్ల డబ్బా ఒకటి తీసికొమ్మన్నాడు. కొలిచి వెళ్ళారు గనుక ఒక లీటరు డబ్బాలు మూడు తెచ్చుకొన్నారు. వేర్వేరు డబ్బాలు కొన్నప్పుడు మూడింటినీ ఒక బకెట్టులో పోసి కలుపుకొనండి. మిషనులో కలిపిన రంగు అయినా డబ్బాకు డబ్బాకు వెంట్రుకవాసి తేడా వచ్చి గోడమీద బయటపడవచ్చును.

ఒక మాట ప్రక్కన చెప్పుకొందాము. యిర్మీయా 22వ అధ్యాయములో యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టించుకొని ఎర్ర రంగు పూయించుకొన్న సంగతి ఉన్నది. దానిని చూపి, రంగులు వేసికొనుట ఆడంబరమని కొందరు బోధిస్తారు. 13వ వచనము కూడ చదవాలి. పనివానికి కూలి ఇవ్వకుండ చేయించుకొన్నాడని అక్కడి ఫిర్యాదు. మన ఊళ్ళలో క్రిస్మస్‌కు ముందు రంగులు వేయించుకొని, ఆ మేస్త్రికి సంక్రాంతి దాటినా డబ్బు ఇవ్వని విశ్వాసులు ఉన్నారు. వారు ఈ పత్రిక తెప్పించుకొంటున్నారు కూడ.

అమ్మాయి తరపువారు వచ్చారు, ఇల్లు చూచారు, ప్రధానము జరిగినది, ఏప్రిల్‌లో పెండ్లి కూడ మా చేతులమీదనే జరిగినది. ఈ సంవత్సరపు వానలు వెళ్ళిన తరువాత ఆ గోడ ఎలాగున్నదో చూచుటకు వెళ్ళాము. ఇంటి వెనుక మట్టి తీసినా వాయవ్యపు మూల ఇంకా ఉప్పు పొంగుతూనే ఉన్నది. అక్కడ సున్నము రాలింది, మరల ఒక చేయి వేస్తే సరిపోతుంది. పైన ఎమల్షన్ ఎక్కడా లేవలేదు. తూర్పు గోడకు కొత్త సంవత్సరపు క్యాలెండరు పాత మేకుకే వ్రేలాడుతున్నది. కోడలుపిల్ల దానిని పూలగుత్తి బొమ్మతో మార్చుదామనుకొన్నదట. అత్తగారు క్యాలెండరు ఎత్తి చూపించిన తరువాత మానుకొన్నది.

మిగిలిన రంగును మూత గట్టిగా బిగించి, నీడపట్టున దాచి, డబ్బా మీద రంగు నంబరు, వేసిన తేదీ వ్రాసియుంచండి. మూలలు ఊడినప్పుడు పనికి వస్తుంది.